మాట రాని బిడ్డకు అమ్మ మాట మాన్పించకండి

నాలుగేళ్ళు నిండినా మాట సరిగా రాని బిడ్డను తీసుకొని తిరుత్తణి నుంచో, పళ్ళిపట్టు నుంచో, ఆర్‌.కె.పేట నుంచో ఆసుపత్రికి వెళ్ళే తెలుగు తల్లులకు తరచుగా రెండు సలహాలు వినిపిస్తుంటాయి. మొదటిది: ‘ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష కదా, తికమక పడుతున్నాడు. ఒకటో తరగతికి వచ్చేసరికి అదే సర్దుకుంటుంది.’ రెండవది: ‘ఇకమీదట ఇంట్లో తెలుగు మానేయండి. తమిళంలోనే మాట్లాడండి.’ ఇంగ్లీషు మీడియం బడిలో చేర్పించిన వారికైతే తమిళం స్థానంలో ఇంగ్లీషు వస్తుంది.

చూడటానికి ఒకటి ఊరడింపు, మరొకటి హెచ్చరిక. కానీ రెండింటి వేరు ఒక్కటే. బిడ్డకు ఉన్న ఇబ్బందికి కారణం తెలుగేనన్న నమ్మకం. ఈ నమ్మకం తప్పు. దీనివల్ల సరిహద్దు తెలుగు కుటుంబాల పిల్లలు రెండు విధాలా నష్టపోతున్నారు. నిజంగా చికిత్స కావలసిన బిడ్డకు అది ఆలస్యంగా అందుతోంది. అందినప్పుడు అమ్మకు రాని భాషలో అందుతోంది.

రెండు భాషలు వినడం వల్ల ఏ బిడ్డకూ మాటల లోపం రాదు. ఈ విషయం మీద కెనడాలో చేసిన పరిశోధనలు మన ప్రాంతానికి బాగా సరిపోతాయి. అక్కడి మాంట్రియల్ ప్రాంతంలో ఫ్రెంచి, ఇంగ్లీషు పక్కపక్కనే బతుకుతాయి, మన దగ్గర తెలుగు, తమిళాల లాగానే. భాషా లోపం ఉండి రెండు భాషల్లో పెరుగుతున్న ఏడేళ్ళ పిల్లలను, అదే లోపం ఉండి ఒకే భాషలో పెరుగుతున్న పిల్లలతో పోల్చి చూసిన పరిశోధన 2003లో వెలువడింది. రెండు భాషల పిల్లలు వెనకబడలేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద 2005లో వచ్చిన మరో కెనడా పరిశోధన కూడా ఇదే చెప్పింది. ఆ తరువాత ఆటిజం పిల్లల విషయంలోనూ ఇలాంటి ఫలితాలే వచ్చాయి. ఒక భాష తీసేస్తే రెండోది బాగుపడుతుందన్న లెక్క వినడానికి సబబుగా ఉంటుంది గాని, పిల్లల మీద పరీక్షిస్తే నిలబడలేదు.

మరి లోపం ఉన్నదీ లేనిదీ తెలిసేదెలా? సూత్రం చాలా సులువు. నిజమైన భాషా లోపం బిడ్డకు వచ్చిన అన్ని భాషల్లోనూ కనిపిస్తుంది. తమిళంలో మాత్రమే తడబడుతూ, ఇంటికి రాగానే అవ్వ ఒళ్ళో కూర్చొని బడిలో జరిగిందంతా తెలుగులో వసపిట్టలా చెప్పే పిల్లకు ఏ లోపమూ లేదు. ఆ పిల్ల కొత్త భాష నేర్చుకుంటోంది, అంతే. అదే పిల్ల తెలుగులో కూడా ఐదేళ్ళకు రెండు మూడు మాటలు కలిపి చెప్పలేకపోతుంటే, ‘మేడ మీదున్న చెంబు తెచ్చి అవ్వకియ్యి’ అంటే చేత్తో చూపించనిదే అర్థం చేసుకోలేకపోతుంటే, అది తికమక కాదు. వెంటనే చూపించవలసిన విషయం.

అందుచేత బడిలో టీచరు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ‘తమిళంలో ఎందుకు మాట్లాడడు?’ అన్నది కాదు, ‘ఇంట్లో తెలుగులో ఎలా మాట్లాడతాడు?’ అన్నది. ఇది అడగకుండా నింపిన ఏ పత్రమైనా సగం ఖాళీ పత్రమే.

తెలుగు వ్యాకరణం తమిళంలోకి తొంగిచూడటాన్ని లోపంగా లెక్కగట్టడం ఇంకొక చిక్కు. మనకు ‘అమ్మ వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ రెండింటికీ క్రియ ఒక్కటే. తమిళంలో అలా కాదు, ఆడవారికి వేరు, వస్తువులకు వేరు, గౌరవానికి వేరు. మన పిల్ల తమిళంలో ‘టీచర్ వందుచ్చు’ అంటే అది అమర్యాదా కాదు, మందబుద్ధీ కాదు, తెలుగు అచ్చులో పోసిన తమిళం. ‘తమిళ్’ అన్న పేరు చివర వినిపించే ఆ ప్రత్యేకమైన ధ్వని మన పిల్లల నోట మామూలు ‘ళ’గానో ‘ల’గానో పలుకుతుంది. తమిళమే ఇంటి భాషగా ఉన్న వారిలో కూడా ఎంతోమంది నోట అది సరిగా పలకదు, వారినెవరూ థెరపీకి పంపరు. ఇక క, ఖ, గ, ఘ నాలుగింటికీ తమిళంలో ఒకే అక్షరం. రెండు లిపులూ ఒకేసారి నేర్చుకునే రెండో తరగతి పిల్లవాడు కొన్నాళ్ళు అటూ ఇటూ పొరబడటం సహజం. దానికి డిస్లెక్సియా అని పేరు పెట్టే ముందు తెలుగు వాచకం కూడా ఒకసారి చేతికిచ్చి చదివించాలి.

అలాగే ‘అవ్వా, తణ్ణి కావాల’ అన్న బిడ్డ భాషను కలగాపులగం చేస్తున్నాడని బెంగపడే వారున్నారు. తిరుత్తణి తెలుగు పుట్టుకతోనే అలాంటిది. బిడ్డ ఇంట్లో విన్నదే మాట్లాడుతున్నాడు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో కలిసింది, సత్యవేడు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళింది. గీత మారింది గాని వంటింట్లో మాట మారలేదు. ఆ గీతకు ఇటుపక్కన పుట్టినందుకు పసిబిడ్డ జబ్బుపడ్డట్టు లెక్క కాదు.

ఇంతవరకు చెప్పింది లేని లోపాన్ని అంటగట్టడం గురించి. ఉన్న లోపాన్ని చూడకపోవడం అంతకంటే పెద్ద నష్టం, మన ఇళ్ళలో ఎక్కువగా జరుగుతున్నదీ అదే.

చెవి సరిగా వినపడుతున్నా, తెలివితేటలు బాగానే ఉన్నా, మరే జబ్బూ లేకున్నా భాష మాత్రం పట్టుబడని పిల్లలు మనం అనుకునే దానికంటే ఎక్కువమంది ఉన్నారు. ఇంగ్లండులోని సర్రీ ప్రాంతంలో బడిలో చేరే వయసు పిల్లలను పరిశీలించి 2016లో ప్రకటించిన లెక్క ప్రకారం వీరు నూటికి ఏడుగురికి పైనే. అంటే ముప్ఫై మంది తరగతిలో ఇద్దరు. వీరు అల్లరి చేయరు, ఎవరి కంటా పడరు. వెనక బెంచీలో కూర్చొని పక్కవాడు చేసేది చూసి చేస్తుంటారు. ‘మందకొడి’ అని టీచరూ, ‘సిగ్గరి’ అని తల్లీ సరిపెట్టుకుంటారు. వినికిడి లోపం, ఆటిజం, మెదడు పక్షవాతం, అంగిలి చీలిక, నత్తి ఉన్న పిల్లలు వీరికి అదనం.

మన పల్లెల్లో మాట ఆలస్యమైతే మొదట దొరికే మందు వసకొమ్ము. అరగదీసి నాలుక మీద రాస్తారు. తరువాత ‘వాళ్ళ నాయన కూడా ఐదేళ్ళకే మాట్లాడినాడు’ అన్న అవ్వ హామీ. ఆపైన తిరుత్తణి కొండకు మొక్కు. ముత్తుస్వామి దీక్షితుల నోట్లో స్వామి కలకండ వేశాడనీ, ఆయన తొలి కీర్తన అక్కడే పుట్టిందనీ చెప్పుకునే కొండ అది. మాట కోసం ఆ మెట్లెక్కే తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మొక్కు తీర్చుకోండి. కాని కొండెక్కే ముందో, దిగిన మరునాడో బిడ్డ చెవులు పరీక్ష చేయించండి. మాట రాని ప్రతి బిడ్డకూ మొదటి పరీక్ష వినికిడిదే. తలుపు చప్పుడుకు తిరిగి చూస్తాడు కాబట్టి చెవి బాగుందని అనుకోవడం పొరపాటు. పెద్ద చప్పుడు వినపడి, మాటలోని సన్నని ధ్వనులు వినపడని పిల్లలు ఎందరో. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం లాంటి చోట్ల ఇంటిపక్కనే మరమగ్గం ఆడుతుంటే పెద్దలే గొంతు పెంచి మాట్లాడుకుంటారు. ఆ రొదలో బిడ్డకు ఎంత వినపడుతోందో ఎవరికి తెలుస్తుంది? మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు ఎక్కువన్నది వైద్యులు ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న మాటే. అలాంటి ఇళ్ళలో ఎదురుచూపు అసలే పనికిరాదు.

ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరగాలి, అత్తా తాతా అంటూ శబ్దాలు చేయాలి. రెండేళ్ళకు ‘అమ్మ రా’, ‘పాలు కావాల’ వంటి రెండు మాటల వాక్యాలు రావాలి. మూడేళ్ళకు చిన్న వాక్యాలు. నాలుగేళ్ళకు ఇంటివాళ్ళకే కాదు, కొత్తవాళ్ళకూ చాలావరకు అర్థమయ్యేలా మాట్లాడాలి. ఈ మాటలు తెలుగువైనా తమిళమైనా, రెండూ కలిసినా ఫరవాలేదు, కలిపే లెక్కపెట్టాలి. తెలుగులో 30 మాటలు, తమిళంలో 25 మాటలు వచ్చిన రెండేళ్ళ బిడ్డకు వచ్చినవి 25 కాదు. ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఒక్క వారం కూడా ఆగకూడదు.

ఎక్కడికి వెళ్ళాలి? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను ఉచితంగా పరీక్షించాలి. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒకసారి రావాలి. వారు చూడవలసిన వాటిలో వినికిడి లోపం, భాష ఆలస్యం, ఆటిజం ఉన్నాయి. అనుమానం ఉన్న పిల్లలను జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. 2022 నుంచి తిరువళ్ళూరులో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. బ్లాక్ రిసోర్స్ సెంటర్లలో సమగ్ర శిక్ష కింద పనిచేసే స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉన్నారు. చెన్నై పక్కన ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ 2005 నుంచి ఉంది. పుట్టుచెవుడు ఉన్న చిన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స ముఖ్యమంత్రి బీమా పథకంలోనే ఉంది. దానికి వయసు పరిమితి ఉన్నందున ఆలస్యం చేస్తే ఆ తలుపు మూసుకుపోతుంది.

తలుపులు ఉన్నాయి. వాటి లోపల తెలుగు మాట్లాడే మనిషి ఉన్నారా అన్నదే సమస్య. బడికి వచ్చిన బృందం తమిళంలో నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. తెలుగు బడి ఒకటో తరగతి పిల్లవాడు నోరు తెరవడు. ఆ మౌనాన్ని చూసి ఒకరు ‘లోపం’ అని రాయవచ్చు, మరొకరు ‘తెలుగు పిల్లవాడు కదా’ అని వదిలేయవచ్చు. రెండూ ఊహలే. అదే గదిలో ఉన్న తెలుగు టీచరును పిలిచి ఐదు నిమిషాలు మాట్లాడించమంటే ఊహించవలసిన పని ఉండదు.

థెరపీ దగ్గరికి వస్తే భాష ప్రశ్న మరింత పదునెక్కుతుంది. స్పీచ్ థెరపీ అంటే ఇంజెక్షన్ లాంటిది కాదు, గదిలోకి తీసుకెళ్ళి వేయించుకొని రావడానికి. వారానికి ఒకటి రెండుసార్లు, ముప్పావు గంట చొప్పున జరుగుతుంది. వారంలో బిడ్డ మేలుకొని ఉండేది 80 గంటలకు పైనే. థెరపిస్టు చేసే పని ఆ గంటన్నరలో దారి చూపించడం. నడిపించేది ఇంట్లో తల్లి, అవ్వ, అక్క. నీళ్ళు పోసేటప్పుడు, దోసె పెట్టేటప్పుడు, బజారుకు నడిచేటప్పుడు మాటలు కలపడమే అసలు మందు. బిడ్డ ‘పాలు’ అంటే ‘వేడి పాలు కావాలా? ఇదిగో వేడి పాలు’ అని ఒక మాట చేర్చి తిరిగి ఇవ్వడం. అడిగాక పది లెక్కపెట్టేంతసేపు ఓపికగా ఆగడం. ‘ఇదేంది చెప్పు, అదేంది చెప్పు’ అని పరీక్ష పెట్టకుండా, బిడ్డ చూస్తున్న దాని గురించే మాట్లాడటం. చెమ్మచెక్క, దాగుడుమూతల్లో ‘ఇప్పుడు నా వంతు, ఇప్పుడు నీ వంతు’ అన్న ఒడుపు ఉంది, సంభాషణకు పునాది అదే. సెల్‌ఫోన్‌లో పాటల వీడియోకు ఆ ఒడుపు లేదు. అది బిడ్డ జవాబు కోసం ఆగదు.

ఇదంతా రోజంతా, అలవోకగా, ప్రేమగా జరగాలంటే తల్లికి చేతనైన భాషలోనే జరగాలి. తమిళం అంగట్లో బేరమాడటానికి సరిపోయినంత మాత్రాన, జ్వరం వచ్చిన బిడ్డను లాలించడానికి సరిపోదు. ‘తెలుగు మానండి’ అని చెప్పిన రోజు నుంచి ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? తల్లి మాటలు వెతుక్కుంటూ తక్కువ మాట్లాడుతుంది. తమిళం రాని అవ్వ మాట్లాడటమే మానేస్తుంది. మాటల కరువుతో ఉన్న బిడ్డ చుట్టూ ఇంటిల్లిపాదీ మౌనం పాటిస్తారు. దీనికి చికిత్స అని పేరు.

తమిళం వద్దని ఎవరూ అనడం లేదు. ఈ గడ్డ మీద బతికే బిడ్డకు తమిళం కావాలి, వస్తుంది కూడా. బడి, వీధి, స్నేహితులు దాన్ని నేర్పుతారు. ఇంటి భాషలో మాట కలపడం, వంతులు తీసుకోవడం, కథ చెప్పడం నేర్చిన బిడ్డ ఆ నేర్పును రెండో భాషలోకి మోసుకెళ్తుంది.

నత్తి సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ టీచరు చేతిలో చాలా ఉంది. రెండు నుంచి ఐదేళ్ళ మధ్య చాలామంది పిల్లలు కొన్నాళ్ళు తడబడతారు, ఎక్కువమందికి పోతుంది. కొద్దిమందికి నిలుస్తుంది. ఆరు నెలలు దాటినా పోకపోతే, మాట కోసం ముఖం బిగబట్టి పెనుగులాడుతుంటే థెరపిస్టుకు చూపించాలి. ఈలోగా ‘మెల్లగా చెప్పు’, ‘ఊపిరి పీల్చుకొని చెప్పు’ అనడం, వాడి మాట మనమే పూర్తి చేయడం మానాలి. హాజరు పిలిచేటప్పుడు చేయి ఎత్తితే చాలునని ఒప్పుకోవాలి. వరుసగా బిగ్గరగా చదివించేటప్పుడు తన వంతు కోసం పిల్లవాడు పడే భయం చదువుకే అడ్డం. జతగా మరొకరితో కలిసి చదవనిస్తే మాట సాఫీగా వస్తుంది. వెక్కిరించిన వారిని అక్కడికక్కడే ఆపాలి.

చట్టం మనకు ఏమిచ్చిందో చూద్దాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో వినికిడి లోపం, మాట-భాష వైకల్యం, ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్నాయి. అదే చట్టం 17వ సెక్షన్ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల నుంచి మినహాయింపు వంటి వెసులుబాట్లు కల్పించాలంటోంది. ఈ చివరి వెసులుబాటు దగ్గర భాషా మైనారిటీ తల్లిదండ్రులు మెలకువగా ఉండాలి. ఏ భాషను వదలాలన్న ప్రశ్న రాగానే ఎవరూ అడగకుండానే తెలుగు మీద గీత పడే ప్రమాదం ఉంది. కొందరు పిల్లలకు అదే సరైన నిర్ణయం కావచ్చు. కాని అది బిడ్డకు ఏ భాష బాగా వచ్చునో చూసి, తల్లిదండ్రులను కూర్చోబెట్టి తీసుకోవలసిన నిర్ణయం. గుమాస్తా పత్రంలో టిక్కు పెట్టి తేల్చేది కాదు. ఇంకొక మాట: సర్టిఫికెట్ వచ్చేదాకా థెరపీ ఆగనవసరం లేదు. భాష ఆలస్యం ఉన్న పిల్లల్లో చాలామంది ఈ 21లో దేనికిందకూ రాకపోవచ్చు, వారికీ థెరపీ కావాలి.

రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచి ఉంది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే సౌకర్యాలు కల్పించమని రాష్ట్రాలకు చెబుతోంది. మాటే రాని బిడ్డకు మాట నేర్పడం ప్రాథమిక విద్య కంటే ముందు మెట్టు. పాఠ్యపుస్తకాల కోసం, టీచరు పోస్టుల కోసం ఎన్నో వినతిపత్రాలు ఇచ్చిన మన సంఘాలు ఈ మెట్టు గురించి కూడా అడగాలి. అడగవలసినవి పెద్దవేమీ కావు. బాల స్వాస్థ్య బృందం నింపే కార్డులో ‘ఇంటి భాష’ అని ఒక గడి. డీఈఐసీలో వారానికి ఒక రోజు తెలుగు తెలిసిన మనిషి, థెరపిస్టు అయితే మేలు, కాకుంటే థెరపిస్టు పక్కన కూర్చొనే తెలుగు టీచరైనా సరే. ఇంట్లో చేయవలసిన పనుల పత్రం తెలుగులో. తెలుగులో ఉచ్చారణ, భాషా పరీక్షలు లేవని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల తెలుగు పిల్లలతో పనిచేస్తూనే ఉన్నారు. అవసరమైతే ఫోను ద్వారా కూడా థెరపీ సాగుతోంది.

పళ్ళిపట్టు వైపు నుంచి తిరువళ్ళూరుకు రావాలంటే బస్సులో తిరుత్తణికి, అక్కడి నుంచి రైలు. మగ్గం పనికో కూలికో వెళ్ళే తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే. వారానికి రెండుసార్లు రమ్మంటే రెండు నెలల తరువాత ఎవరు వస్తారు? థెరపీ మధ్యలో మానేశారని తల్లిదండ్రులను నిందించే ముందు ఈ లెక్క వేయాలి. నెలకొకసారి థెరపిస్టే బ్లాక్ కేంద్రానికి వస్తే సగం చిక్కు తీరుతుంది. కొందరు తిరుపతికి వెళ్తున్నారు. చెన్నై కంటే దగ్గర, తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు. అలా వెళ్ళేవారు ప్రైవేటు క్లినిక్‌లో చేరేటప్పుడు థెరపిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగాలి. మూడు నెలల్లో మాట తెప్పిస్తామని ముందే డబ్బు కట్టించుకునే చోట గడప దాటకపోవడమే మంచిది.

ప్లస్ టూలో సైన్సు చదివిన మన పిల్లల్లో ఎందరికి స్పీచ్ థెరపీలో డిగ్రీ ఒకటి ఉందని తెలుసు? బి.ఎ.ఎస్‌.ఎల్‌.పి. అన్న ఆ కోర్సు నాలుగేళ్ళది. తెలుగు, తమిళం రెండూ ఇంటి భాషల్లా వచ్చిన పొదటూరుపేట అమ్మాయి ఆ చదువు చదివి వస్తే, ఈ జిల్లాలో ఆమెకు సాటి రాగల థెరపిస్టు ఎవరూ ఉండరు. ఏటా వార్షికోత్సవాలకూ శాలువలకూ ఖర్చుపెట్టే సంఘాలు అలాంటి ఒక విద్యార్థి ఫీజు భరించలేవా?

ఈలోగా తెలుగు బడి టీచర్లు ఈ వారంలోనే చేయగల పని ఒకటుంది. తరగతిలో మాట విషయంలో అనుమానం ఉన్న ఒకరిద్దరు పిల్లల గురించి ఒక పుట రాయండి. తెలుగులో ఎన్ని మాటల వాక్యం చెబుతాడు, చెప్పింది ఎంత అర్థం చేసుకుంటాడు, తమిళం విని ఎన్నేళ్ళయింది, ఇంట్లో ఎవరెవరు ఏ భాష మాట్లాడతారు, చెవి పరీక్ష అయిందా లేదా. ఆ పుటను తమిళంలోకి కూడా రాయించి తల్లి చేతికివ్వండి. ఆసుపత్రిలో పేరు పిలిచినప్పుడు ఆమె ఆ కాగితాన్ని బల్ల మీద పెడుతుంది.